భిన్నాల లెక్కల్లో ముందు బొమ్మ, తర్వాతే సూత్రం: తల్లిదండ్రులకు లేఖ

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల 5, 6, 7 తరగతుల పిల్లల లెక్కల నోటు పుస్తకాలు తిరగేస్తే అంకెల కన్నా గీతలు, గళ్లు, రంగు వేసిన పట్టీలే ఎక్కువ కనిపిస్తాయి. లెక్కల పీరియడ్‌లో బొమ్మలేమిటని మీకు అనిపించవచ్చు. ఆ బొమ్మలే లెక్క. భిన్నాల కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం నాలుగింటినీ ముందు బొమ్మ మీద చేయిస్తున్నాం. పద్ధతిని ఆ బొమ్మలోంచే పిల్లల చేత రాబట్టిస్తున్నాం. సూత్రం రాయించేది ఆ తర్వాతే. ఇలా ఎందుకు చేస్తున్నామో, ఎక్కడ పొరపాట్లు వస్తాయో, ఇంట్లో మీరు ఎలా తోడ్పడవచ్చో కాస్త వివరంగా రాస్తున్నాను. ఒక్కసారి ఓపిగ్గా చదవండి.

1978లో అమెరికాలో జాతీయ స్థాయిలో జరిగిన ఒక పరీక్షలో పదమూడేళ్ల పిల్లలకు ఒక ప్రశ్న ఇచ్చారు. 12/13 + 7/8 విలువ 1, 2, 19, 21లలో దేనికి దగ్గరగా ఉంటుంది? దీనికి కాగితం, పెన్సిల్ అక్కర్లేదు. 12/13 దాదాపు ఒకటి, 7/8 కూడా దాదాపు ఒకటి, కలిపితే సుమారు రెండు. అయినా 24 శాతం మందే 2 అన్నారు. సగం మందికి పైగా 19 గానీ 21 గానీ ఎంచుకున్నారు. లవాలు కూడితే 19, హారాలు కూడితే 21. అంటే 12/13 వాళ్లకు ఒక సంఖ్యగా కనబడలేదు. గీతకు పైన ఒకటి, కింద ఒకటి, పొంతన లేని రెండు అంకెలుగా కనబడింది. మన పిల్లల పేపర్లలో 1/2 + 1/3 = 2/5 అని వచ్చేదీ ఇందుకే. సూత్రాన్ని మళ్లీ మళ్లీ వల్లె వేయించినంత మాత్రాన ఇది పోదు. భిన్నానికి ఒక పరిమాణం ఉంటుందని కంటికి కనబడాలి.

పట్టీలు

5వ తరగతి పిల్లలందరి దగ్గరా ఒక కవరులో ఏడు కాగితపు పట్టీలు ఉంటాయి. ఒక్కోటి 24 సెంటీమీటర్ల పొడవు, 3 సెంటీమీటర్ల వెడల్పు. 24 ఎంచుకోవడానికి కారణం ఉంది. దాన్ని 2, 3, 4, 6, 8, 12 అన్నీ శేషం లేకుండా భాగిస్తాయి. సగం 12 సెం.మీ., మూడో వంతు 8, నాలుగో వంతు 6, ఆరో వంతు 4, ఎనిమిదో వంతు 3, పన్నెండో వంతు 2. ఏ4 కాగితం వెడల్పు 21 సెం.మీ., పొడవు 29.7 సెం.మీ. కాబట్టి ఒక్క కాగితంలో సరిగ్గా ఏడు పట్టీలు వస్తాయి. ఒకటి మడవకుండా ఉంచాలి, అదే మన ‘ఒకటి’. మిగతా ఆరింటినీ 2, 3, 4, 6, 8, 12 సమాన భాగాలుగా మడవాలి. పట్టీలు పోతే ఇంట్లో మీరే మళ్లీ చేసుకోవచ్చు.

సగాలు, నాలుగో వంతులు, ఎనిమిదో వంతులు సులువే, మడిచిందాన్నే మళ్లీ మడవడం. చిక్కంతా మూడో వంతు దగ్గరే. చాలామంది పిల్లలు సగానికి మడిచి, ఒక వైపు సగాన్ని మళ్లీ మడిచి, ‘మూడు ముక్కలు వచ్చాయి’ అంటారు. వచ్చినవి 12, 6, 6 సెంటీమీటర్ల ముక్కలు. మూడు ఉన్నాయి కానీ సమానంగా లేవు. సరైన పద్ధతి ఇది: పట్టీని గట్టిగా నొక్కకుండా మూడు పొరలుగా వదులుగా వంచాలి, అంచులు ఒకదానితో ఒకటి కలిసేదాకా జరుపుతూ సరిచూసుకోవాలి, అప్పుడే నొక్కాలి. మూడో వంతుల్ని మళ్లీ సగం చేస్తే ఆరో వంతులు, వాటినీ సగం చేస్తే పన్నెండో వంతులు.

ప్రతి ముక్క మీదా 1/3, 1/3, 1/3 అని రాయించండి. 1, 2, 3 అని రాయనివ్వకండి. అలా రాస్తే పిల్లలు ముక్కల్ని లెక్కపెట్టడం దగ్గరే ఆగిపోతారు, ఒక్కో ముక్క ఎంతో మరిచిపోతారు.

వారం తర్వాత 18 సెం.మీ. పట్టీల కవరు ఇంకొకటి ఇస్తాం. అందులో సగం 9, మూడో వంతు 6, ఆరో వంతు 3. ఇది లేకపోతే ‘మూడో వంతు అంటే 8 సెంటీమీటర్లు’ అన్న తప్పు స్థిరపడుతుంది. రెండు కవర్లలోనూ 1/2 + 1/3 చేయిస్తాం. మొదటిదాంట్లో 12 + 8 = 20 సెం.మీ., అంటే 4 సెం.మీ. ముక్కలు ఐదు. రెండోదాంట్లో 9 + 6 = 15 సెం.మీ., అంటే 3 సెం.మీ. ముక్కలు ఐదు. సెంటీమీటర్లు మారాయి గానీ రెండుచోట్లా వచ్చింది 5/6 మాత్రమే. ఒక కవరులోని సగాన్నీ ఇంకో కవరులోని మూడో వంతునీ కలిపితే మాత్రం వచ్చేదానికి అర్థమే లేదు. అందుకే ప్రతి లెక్కకూ ముందు మా టీచర్లు అడిగే ప్రశ్న ఒక్కటే: ‘ఇక్కడ ఒకటి ఏది?’ ఇంట్లో మీరూ అదే అడగండి.

2/5 అని రాసిన పిల్లలకు ‘తప్పు’ అని చెప్పక్కర్లేదు. పట్టీ చాలు. సగం 12 సెం.మీ. దానికి ఇంకొంత కలిపాం. 24లో 2/5 అంటే 9.6 సెం.మీ. కలిపిన తర్వాత తగ్గుతుందా? ఆ ప్రశ్నకు జవాబు వాళ్లే చెబుతారు.

అయితే తెలివైన పిల్లలు ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న వేస్తారు. ‘స్లిప్ టెస్టులో 10కి 7, ఇంకోదాంట్లో 20కి 15 వస్తే, మొత్తం 30కి 22 అంటాం కదా! పైవి పైన, కిందవి కింద కూడాం కదా!’ నిజమే. కానీ అక్కడ ‘ఒకటి’ మారిపోయింది. 7/10లో ఒకటి పది మార్కుల పేపరు, 15/20లో ఇరవై మార్కుల పేపరు, 22/30లో రెండు పేపర్లూ కలిసిన మొత్తం. అది మార్కుల్ని పోగుచేయడమే గానీ 7/10, 15/20 అనే సంఖ్యల్ని కూడడం కాదు. ఆ రెండు సంఖ్యల మొత్తం 1.45, ఒకటికి పైనే. దీన్ని దాటవేయకుండా విడమరిచి చెప్పడం అవసరం. 2/5 అనే తప్పుకు ఊపిరి పోసేవి ఇలాంటి నిజమైన సందర్భాలే.

గళ్ల బొమ్మ, అందులో ఒక ఉచ్చు

పట్టీల తర్వాత గళ్ల నోటు పుస్తకం. 2/3 + 1/4 చేయాలంటే 3 నిలువు వరుసలు, 4 అడ్డు వరుసలు ఉన్న దీర్ఘచతురస్రం గీస్తాం, మొత్తం 12 గళ్లు. 2/3 అంటే రెండు నిలువు వరుసలు, 8 గళ్లు. 1/4 అంటే ఒక అడ్డు వరుస, 3 గళ్లు. కలిపితే 11 గళ్లు, 11/12. హారాన్ని 12 ఎందుకు చేశామో వేరే చెప్పక్కర్లేదు. రెండు భిన్నాల్నీ ఒకే సైజు గళ్లలోకి మార్చితేనే కూడగలం.

ఉచ్చు ఎక్కడంటే, పిల్లలు రెండింటికీ ఒకే దీర్ఘచతురస్రంలో రంగు వేసేస్తారు. రెండు నిలువు వరుసలకు వేసి, పైన ఒక అడ్డు వరుసకు వేస్తే రెండు గళ్లకు రెండుసార్లు రంగు పడుతుంది. రంగు పడ్డ గళ్లు లెక్కపెడితే 9 వస్తాయి, జవాబు 9/12 అని రాస్తారు. కూడికకు ఎప్పుడూ ఒకే కొలత గల రెండు దీర్ఘచతురస్రాలు పక్కపక్కన గీయాలి. ఒకదాంట్లో 2/3, ఇంకోదాంట్లో 1/4. మరి రెండు రంగులూ కలిసిన ఆ రెండు గళ్ల సంగతేమిటి? అది 2/12, అంటే 2/3 × 1/4. కూడికలో అడ్డుపడ్డదే గుణకారంలో జవాబు. ఈ తేడా 6వ తరగతిలోనే తేలిపోతే రెండు క్రియలనూ కలగలిపేసే అలవాటు చాలావరకు పోతుంది. ఈ ఒక్క బొమ్మ మీద మేం రెండు పీరియడ్లు గడిపినా అది వృథా కాదు.

క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం, అంటే హారాలన్నీ శేషం లేకుండా భాగించగల అతి చిన్న సంఖ్య) వచ్చేదీ ఇక్కడే. 5/12 + 7/18కి అడ్డ గుణకారం చేస్తే హారం 216 వస్తుంది, 174/216 తేలుతుంది, దాన్ని మళ్లీ సూక్ష్మ రూపంలోకి తేవాలి. క.సా.గు. 36 తీసుకుంటే 15/36 + 14/36 = 29/36, అక్కడితో అయిపోయింది. హారాల క.సా.గు.తో భిన్నాల్ని కూడే పద్ధతి కొత్తదేమీ కాదు. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో చెప్పాడు. ఆయన గణిత గ్రంథాన్ని పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మన భాషలో భిన్నాల లెక్కలకు అంత వెనకటి చరిత్ర ఉందని పిల్లలకు చెప్పండి, సంతోషిస్తారు.

తీసివేతలో అప్పు

3¼ − 1⅔ లాంటి లెక్కలో అప్పు తెచ్చుకునే చోట తప్పు పడుతుంది. 3 నుంచి ఒకటి తీసి పక్కకు ఇచ్చేటప్పుడు పిల్లలు మామూలు తీసివేత అలవాటు కొద్దీ పది ఇచ్చేస్తారు. 1/4 కాస్తా 11/4 అయిపోతుంది. ఇవ్వాల్సింది నాలుగు నాలుగో వంతులు, 4/4. కాబట్టి రావాల్సింది 2 5/4. పట్టీ ఎదురుగా ఉంటే ఒక ‘ఒకటి’లో ఎన్ని నాలుగో వంతులున్నాయో చేత్తో లెక్కపెట్టుకుంటారు.

దీనికి ఇంకో దారి సంఖ్యా రేఖ. దుకాణంలో చిల్లర తిరిగి ఇచ్చినట్టు కింది నుంచి పైకి వెళ్లాలి. 1⅔ నుంచి 2కి 1/3. 2 నుంచి 3కి 1. 3 నుంచి 3¼కి 1/4. మొత్తం 1 + 1/3 + 1/4 = 1 7/12. అప్పు ఊసే లేదు. 6వ తరగతిలో రెండు దారులూ చేయిస్తాం, ఏది వాడాలో పిల్లల ఇష్టం.

సంఖ్యా రేఖ మీద రెండు తప్పులు తరచూ కనిపిస్తాయి. నాలుగో వంతులు గుర్తించమంటే 0కీ 1కీ మధ్య నాలుగు గీతలు పెడతారు, దాంతో ఐదు ఖాళీలు వస్తాయి. లెక్కపెట్టాల్సింది గీతల్ని కాదు, ఖాళీల్ని. కాబట్టి మధ్యలో మూడు గీతలే ఉండాలి. రెండోది, 0 నుంచి 4 దాకా ఉన్న రేఖ మీద 1/2 చూపించమంటే 2 దగ్గర చుక్క పెట్టడం. రేఖ మొత్తాన్నీ ‘ఒకటి’ అనుకోవడం వల్ల అలా జరుగుతుంది. మళ్లీ అదే ప్రశ్న: ఇక్కడ ఒకటి ఏది?

గుణకారం

గుణిస్తే పెరుగుతుందన్న నమ్మకం పిల్లల్లో బలంగా ఉంటుంది. దాన్ని కదపడానికి ‘లో’ అనే మాట సాయం చేస్తుంది. 1/2 × 3/4 అంటే ముప్పావులో సగం. ఇంట్లో పాత కొలతలు ఉంటే ఇంకా మంచిది. మానికలో సగం తవ్వ, తవ్వలో సగం సోల. అంటే సోల మానికలో పావు. నాయనమ్మనో అమ్మమ్మనో అడిగితే బియ్యం పోసి చూపిస్తారు, 1/2 × 1/2 = 1/4 అక్కడే కనబడుతుంది.

7వ తరగతిలో ఎక్కువగా తడబడేది మిశ్రమ భిన్నాల గుణకారంలో. 2½ × 1½ని పూర్ణాంకాలు విడిగా, భిన్నాలు విడిగా గుణించి 2¼ అంటారు. దీర్ఘచతురస్రం గీయండి. పొడవును 2, ½ అని, వెడల్పును 1, ½ అని విడగొట్టండి. లోపల నాలుగు గదులు వస్తాయి. 2 × 1 = 2, 2 × ½ = 1, ½ × 1 = ½, ½ × ½ = ¼. మొత్తం 3¾. పిల్లలు వదిలేసింది మధ్యలోని రెండు గదుల్ని, అంటే ఒకటిన్నరని. ఇదే బొమ్మ 8వ తరగతి బీజగణితంలో రెండు ద్విపదుల్ని (రెండేసి పదాలున్న రాశుల్ని) గుణించేటప్పుడు మళ్లీ వస్తుంది. ఇక్కడ పునాది పడితే అక్కడ మధ్య పదాలు మరిచిపోరు.

భాగహారం

‘రెండోదాన్ని తిరగేసి గుణించు’ అన్న సూత్రం మనందరికీ వచ్చు. అది సరైనదే. కానీ దాన్ని చివరికి ఉంచాం. ముందుగా చేస్తే మొదటి భిన్నాన్ని తిరగేసేవాళ్లూ, రెండింటినీ తిరగేసేవాళ్లూ, గుణకారంలో కూడా తిరగేసేవాళ్లూ తయారవుతారు.

బొమ్మతో భాగహారం అంటే ‘ఇందులో అది ఎన్నిసార్లు ఉంది?’ అని అడగడం. 3/4 ÷ 1/8 చూడండి. మన పట్టీలో 3/4 అంటే 18 సెం.మీ., 1/8 అంటే 3 సెం.మీ., కాబట్టి ఆరుసార్లు. 3 లీటర్ల మజ్జిగను ముప్పావు లీటరు సీసాల్లో పోస్తే నాలుగు సీసాలు. ఇంతవరకు అందరూ వస్తారు.

మిగులు వచ్చినప్పుడే అసలు పరీక్ష. 1¾ ÷ ½. మూడు సగాలు తీస్తే ఒకటిన్నర అయింది, పావు మిగిలింది. బొమ్మ సరిగ్గా గీసిన పిల్లలు కూడా ఇక్కడ 3¼ అని రాస్తారు, కళ్ల ముందు పావు కనబడుతోంది కాబట్టి. కానీ మనం లెక్కపెడుతున్నది సగాల్ని. ఆ పావు ఒక సగంలో ఎంత? సగం. కాబట్టి జవాబు 3½. మిగిలిన ముక్కను ‘ఒకటి’తో కాకుండా దేంతో భాగిస్తున్నామో దాంతో కొలవాలి. ఈ లెక్క మీ అబ్బాయి గానీ అమ్మాయి గానీ తప్పు చేస్తే జవాబు చెప్పేయకండి. అర పట్టీ మీద ఆ పావు ముక్కను పెట్టమనండి.

ఆ తర్వాత హారాలు ఒకటి చేస్తాం. 7/4 ÷ 2/4 అంటే ఏడు పావులను రెండేసి పావులుగా పంచడం, 7 ÷ 2. అలాగే 2/3 ÷ 3/4 అంటే 8/12 ÷ 9/12, అంటే 8 ÷ 9 = 8/9. ఇలాంటివి పదో పదిహేనో చేశాక, 2/3 × 4/3 చేసినా 8/9 వస్తోందని పిల్లలే గమనిస్తారు. 8 ఎక్కడి నుంచి వచ్చింది? 2 × 4. 9? 3 × 3. తిరగేయడం అనేది హారాల్ని ఒకటి చేసే పనిని దగ్గరి దారిలో రాయడమేనని అప్పుడు అర్థమవుతుంది. ఆ రోజు నుంచి సూత్రం వాడుకోవచ్చు. ఇక ప్రతి లెక్కకూ బొమ్మ అడగం.

గుండ్రని బొమ్మలు తక్కువగా ఎందుకు?

చపాతీ, దోసె, కేకు అని భిన్నాల్ని గుండ్రంగా చూపడం అందరికీ అలవాటు. సగానికి, పావుకు అవి బాగానే పనికొస్తాయి. మూడు సమాన భాగాలు కావాలంటే కోణమానినితో 120 డిగ్రీలు, ఐదు కావాలంటే 72 డిగ్రీలు కొలవాలి. చేత్తో గీస్తే ముక్కలు సమానంగా రావు. కొందరు పిల్లలు వృత్తాన్ని నిలువు గీతలతో మూడు పట్టీలుగా కోసి మూడో వంతులు అంటారు. వెడల్పు సమానమే అయినా మధ్య ముక్క పెద్దది. పైగా గుణకారాన్ని వృత్తంలో చూపడం కష్టం. 5/4 అడిగితే ‘నాలుగు ముక్కల్లోంచి ఐదు ఎలా తీస్తాం?’ అని ఆగిపోతారు. పట్టీ అయితే పక్కన ఇంకొకటి పెట్టడమే.

ఇంట్లో

వంటిల్లు మంచి చోటే, అయితే జాగ్రత్త. ఇడ్లీకి ఒక కప్పు మినప్పప్పు, రెండు కప్పుల ఇడ్లీ రవ్వ వేస్తే పప్పు ఎంత వంతు? రవ్వతో పోలిస్తే సగం, మొత్తంలో మూడో వంతు. రెండూ నిజమే. ఏది అడుగుతున్నారో మీరు స్పష్టంగా చెబితేనే పిల్లలు సరిగ్గా చెప్పగలరు.

జవాబు కన్నా ముందు అంచనా అడగండి. ‘సగం కన్నా ఎక్కువా తక్కువా? ఒకటి దాటుతుందా?’ 5/8, 4/9లలో ఏది పెద్దదో చెప్పడానికి గుణించనక్కర్లేదు. 8లో సగం 4, కాబట్టి 5/8 సగాన్ని దాటింది. 9లో సగం నాలుగున్నర, కాబట్టి 4/9 దాటలేదు. 7/8, 8/9లలో? రెంటికీ ఒక్కో ముక్కే తక్కువ కాబట్టి సమానం అని పిల్లలు అంటారు. తక్కువైన ముక్కలు 1/8, 1/9. చిన్న ముక్క తక్కువైనదే ఒకటికి దగ్గర, కాబట్టి 8/9 పెద్దది.

ట్యూషన్‌లో అడ్డ గుణకారం ముందే నేర్పేశారంటే కంగారు పడకండి, దాన్ని మానేయమనీ చెప్పకండి. అలా వచ్చిన జవాబును గళ్ల బొమ్మలో చూపించమనండి, చాలు. నోటు పుస్తకంలో బొమ్మ వంకరగా ఉందని మాత్రం చెరిపించవద్దు. భాగాలు సుమారుగా సమానంగా ఉండి, ‘ఒకటి’ ఏదో గుర్తించి ఉంటే ఆ బొమ్మకు పూర్తి మార్కులు ఇస్తాం. స్కేలుతో అందంగా గీసి, రెండు భిన్నాలకూ వేర్వేరు కొలతల దీర్ఘచతురస్రాలు తీసుకుంటే ఇవ్వం.

వచ్చే సోమవారం నుంచి 5, 6, 7 తరగతుల పిల్లలు గళ్ల నోటు పుస్తకం ఒకటి, రెండు రంగు పెన్సిళ్లు, 30 సెం.మీ. స్కేలు తెచ్చుకోవాలి. పట్టీల కవరును పుస్తకంలో పెట్టి నలపకుండా కంపాస్ బాక్సు పక్కన విడిగా ఉంచమనండి. మడతలు చెదిరితే మూడో వంతులు మూడో వంతులుగా ఉండవు.

ఇట్లు
ప్రధానోపాధ్యాయురాలు